ఎదురు గది బాకీ

అతిథి దేవుడితో సమానమంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ అద్దె ఇచ్చే అతిథి సంగతేమిటని నాకు ఏళ్ళ తరబడి ఒక అనుమానం. దేవుడికి మనం గది ఇస్తాం, దుప్పటి ఇస్తాం, వేణ్ణీళ్ళు పెడతాం. వెళ్ళేటప్పుడు ఆ దేవుడు జేబులోంచి డబ్బు తీసి ఇస్తాడు, తువ్వాలు తడిగా ఉందని సణుగుతాడు, ఒక్కోసారి సబ్బు కూడా పట్టుకుపోతాడు. అప్పుడతన్ని దేవుడనాలా, బేరమనాలా?

ఈ మాట మా మేనత్తని అడిగితే, "నువ్వు మాత్రం దేవుడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్తున్నావా? ఏదో ఒకటి ఇస్తానని మొక్కుకునే కదా అడుగుతున్నావు. ఆయన నిన్ను బేరం అనుకుంటున్నాడా?" అంది. దాంతో నా అనుమానం తీరకపోగా రెండింతలైంది. అయినా తెల్లారగానే దణ్ణం పెట్టుకునేటప్పుడు, "స్వామీ, ఇవాళ ఒక్క గదైనా నిండేలా చూడు" అని అడగడం మానలేదు.

మా ఇల్లు ఒకప్పుడు ఉప్పు గోదాము. మందపాటి గోడలు, మనిషి ఛాతీ ఎత్తులో కిటికీలు. సముద్రపు తుంపర లోపలికి కొట్టకూడదని కట్టినవాడి ముందుచూపు. ఉప్పు ఎప్పుడో వెళ్ళిపోయింది కానీ గోడలు దాన్ని మర్చిపోలేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా వాన పడితే పెచ్చులు ఊడతాయి. అయిదు గదుల్లో సముద్రం కనిపించేది ఒక్క ఎదురు గదికే. మిగతావాటికి వీధి, పెరడు, పక్కింటి మేకలు. అన్నిటికన్నా అన్యాయమైంది వెనక గది. అది తరవాత కట్టింది కాబట్టి కిటికీ మంచం ఎత్తులోనే ఉంటుంది కానీ, తెరిస్తే కనిపించేది ఐసు ఫ్యాక్టరీ గోడ. చెయ్యి చాపితే తగులుతుంది. ఆ గోడ అవతల మిషను రాత్రీ పగలూ గుర్రు పెడుతూ ఉంటుంది.

ఇలాంటి ఇంటికి కూడా మనుషులు వచ్చారు, మళ్ళీ మళ్ళీ వచ్చారు. బాకా వాయించే ఆయన ఒకాయన ఉండేవాడు. పక్క గదులవాళ్ళకి ఇబ్బందని చెబితే, పాపం, బాకా మూతి దిండులో దూర్చి సాధన చేసేవాడు. ఆ దిండు మీద తల పెట్టినవాళ్ళెవరికీ ఆ తరవాత నిద్ర పట్టలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఒకసారి ఒకరితో ఒకరు మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళు ఒకే గదిలో దిగారు. "కిటికీ వెయ్యమని దానికి చెప్పండి" అని అక్క, "ఉక్కగా ఉందని ఆవిడకి చెప్పండి" అని చెల్లెలు. వాళ్ళున్నన్నాళ్ళూ నేను ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. వెళ్ళే రోజున ఇద్దరూ కలిసి మా ఆవిడకి ఫిర్యాదు చేశారు, మీవారు అక్కడి మాట ఇక్కడికీ ఇక్కడి మాట అక్కడికీ మోస్తారని. అలా కలిసిపోయి ఒకే రిక్షా ఎక్కారు.

ఇక ఎదురు గది. అది మా మేనత్తది. గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టిన కొత్తలో, సాయానికి ఒక్క వారం ఉంటానని తాడు కట్టిన ట్రంకు పెట్టెతో వచ్చింది. ఆ వారంలోనే ఒక గుమాస్తా నల్ల రాళ్ళు దాటి ఈదబోయాడు. రాళ్ళ అవతల నీటి లాగుడు ఎక్కువ. కిటికీలోంచి చూసిన అత్త చేతిలో ఉన్న ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో ఒక్కటి వేసింది. ఆ మోతకి గుమాస్తా అదిరిపడి వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు నుంచి అత్త ఆ కిటికీ దగ్గర ఎత్తు పీట వేసుకుని కూర్చుంది. ఒక దెబ్బ కొడితే వెనక్కి రమ్మని. రెండు కొడితే టీ తయారని. మూడు కొడితే భార్య పిలుస్తోందని. మూడు దెబ్బలు విన్న మగవాళ్ళు చాలామంది ఇంకాస్త లోపలికే ఈదేవారు. అప్పుడు మళ్ళీ ఒకటి కొట్టాల్సి వచ్చేది.

పదేళ్ళు దాటింది. ట్రంకు పెట్టె తాడు విప్పలేదు. "వచ్చే నెల వెళ్ళిపోతాను" అని ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆ గదిలోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వదు.

అత్త వెళ్ళిపోతానన్న ఆ మాట నమ్మే నేను బావుల మేస్త్రికి మాట ఇచ్చాను. మేస్త్రి మా ఇంటికి ఏటా వారం రోజులు వచ్చే మనిషి. వచ్చిన మొదటిసారే నన్ను బావగారూ అన్నాడు, నేనూ కాదనలేదు. "బతుకంతా నీళ్ళ కోసం కిందికి తవ్వాను బావగారూ. తవ్వక్కర్లేని నీళ్ళని ఒక్కసారి మంచం మీద పడుకుని చూడాలి" అన్నాడు. ఎదురు గది వచ్చేసారి తప్పకుండా ఇస్తానన్నాను. ఆ ఏడు వెనక గదిలో ఉన్నాడు. మరుసటి ఏడూ, ఆ మరుసటి ఏడూ అదే. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఆగి, "బావగారూ, బాకీ గుర్తుందిగా?" అనేవాడు. "వచ్చేసారి తప్పకుండా" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఈ ఏడు రావడానికి రెండు రోజుల ముందు ఫోను చేశాడు.

"బావగారూ, కొంప మునిగింది."

"ఏ బావి కూలింది?"

"బావి కాదు. మా ఆవిడ వస్తోంది."

"రానివ్వండి, సంతోషమేగా. కోళ్ళని వదిలి రాదంటారుగా?"

"కోళ్ళని వాళ్ళ చెల్లెలికి అప్పజెప్పింది. ఎదురు గది చూడ్డానికి వస్తోంది."

"ఏ ఎదురు గది?"

"నేను ఏటా దిగే ఎదురు గది."

"మీరు దిగేది వెనక గది కదా."

"అది మీకూ నాకూ తెలుసు."

తరవాత మెల్లిగా బయటపెట్టాడు. మొదటి ఏడు తిరిగి వెళ్ళగానే గది ఎలా ఉందని ఆవిడ అడిగిందట. గోడకెదురుగా పడుకున్నానంటే ఇక జన్మలో పంపదు. అందుకని మంచం మీద పడుకుంటే సముద్రం కనిపిస్తుందని చెప్పాడు. కిటికీ తలుపులు నీలం రంగని చెప్పాడు.

"ఇంకా?"

"ప్రస్తుతానికి అంతే గుర్తుంది. పదేళ్ళలో ఇంకేం కూశానో. బావగారూ, మా ఆవిడ గుడ్లమ్మే మనిషి. లాభం లేని చోటికి కోడిని కూడా పోనివ్వదు. ఇది తెలిసిందంటే నా సముద్రం అయిపోయినట్టే. ఇక నన్ను బావుల్లోంచి పైకి రానివ్వదు."

ఫోను పెట్టేసి అత్త దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క వారం అత్తా. వెనక గదిలో ఉండు."

"నేను పోతే సముద్రాన్ని ఎవడు చూస్తాడు? నువ్వా? నువ్వు పొయ్యి మీద పాలనే చూడలేవు."

"మాట ఇచ్చాను అత్తా."

"ఇచ్చింది నువ్వు, నేను కాదు. వచ్చే నెల నేనెలాగూ వెళ్ళిపోతున్నాను. అప్పుడు ఇచ్చుకో."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి దిండు గలీబులు మడతపెడుతోంది. తలెత్తకుండానే అంది. "పెద్దమ్మగారూ, మీ ఇష్టం. కానీ ఒక్కమాట. ఆయన ఏటా ఈ గదిలోనే పడుకుంటున్నానని ఇంట్లో చెప్పాడు. రేపు ఆవిడ వచ్చి తలుపు తీస్తే లోపల మీరుంటారు. పదేళ్ళుగా నేనిక్కడే ఉంటున్నానని మీరంటారు. ఆవిడ ఏమనుకుంటుందో కాస్త ఆలోచించండి."

"ఛీ, నోర్ముయ్. నా వయసెంత, వాడి వయసెంత" అంది అత్త. ఆ తరవాత అద్దం దగ్గరికి వెళ్ళి, జుట్టు సర్దుకుని, కాసేపు అక్కడే నిలబడింది. మధ్యాహ్నానికల్లా ట్రంకు పెట్టె, పళ్ళెం, గరిటె వెనక గదికి చేరాయి.

మిగిలింది గది. నేను మంచం మీద పడుకుని చూశాను. ఆకాశం కనిపించింది. నాలుగు కాళ్ళ కిందా ఒక్కో ఇటుక పెట్టాం. ఆకాశమే. రెండో ఇటుక పెడితే ఒక కాకి కనిపించింది. "మీరు పొట్టి, నేను చూస్తాను" అని మా ఆవిడ పడుకుంది. ఆవిడకీ కాకే కనిపించింది. ఇటుకల మీద ఇటుకలు పేర్చగా పేర్చగా చివరికి సముద్రం దొరికింది. అప్పటికి మంచం అటకంత ఎత్తైంది, ఎక్కడానికి అత్త ఎత్తు పీట కావాల్సి వచ్చింది. తరవాత కిటికీ తలుపులకి నీలం రంగు కొట్టాను. ఆ సాయంత్రం దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి అడిగాను. మంచం ఎత్తడం అబద్ధం కాదు. తలుపులకి రంగు వెయ్యడం అబద్ధం కాదు. మరి ఈ రెండూ కలిసేసరికి ఇలా ఎందుకుంది స్వామీ?

మేస్త్రి భార్య ఒళ్ళో గుడ్ల బుట్టతో రిక్షా దిగింది. చిన్న మనిషి, కళ్ళు మాత్రం గుడ్డుని దీపానికి అడ్డం పెట్టి చూసే కళ్ళు.

"మీ గురించి ఏటా వింటూనే ఉన్నాను అన్నయ్యగారూ. తిరిగొచ్చాక వారం దాకా ఈయన నోట్లో సముద్రం తప్ప ఇంకో మాట ఉండదు."

వెనకాల మేస్త్రి నా వైపు చూసి, దాహమైనవాడిలా గుటక మింగాడు.

ఎదురు గది తలుపు తీశాను. ఆవిడ గది మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగింది.

"మంచం ఇంత ఎత్తని చెప్పలేదే."

"చెప్పే ఉంటాను. కోళ్ళ గోలలో నువ్వు విని ఉండవు" అన్నాడు మేస్త్రి.

"ఎక్కితే బావిలోంచి పైకొచ్చినట్టుంది." ఆవిడ పీట వేసుకుని మంచమెక్కి పడుకుని చూసింది. సముద్రం ఉంది. మేస్త్రి ఊపిరి వదిలాడు. ఆవిడ దిగి, కిటికీ దగ్గరికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి ఆనించింది. తీసి చూసుకుంది. అరచెయ్యంతా నీలం.

"పదేళ్ళ నాటి రంగు ఇంకా ఆరలేదా అన్నయ్యగారూ?"

"సముద్రపు గాలి చెల్లెమ్మా. తేమ."

"ఊఁ" అంది. ఆ చేతిని తీసుకెళ్ళి మొగుడి చొక్కా వీపు మీద అద్దింది. ఆ రోజంతా మేస్త్రి వీపు మీద నీలం చెయ్యి వేసుకుని తిరిగాడు, తనకి తెలియకుండానే.

మధ్యాహ్నం వాళ్ళకి టీ తీసుకెళ్తున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మేస్త్రి మంచం మీద దొర్లుతున్నాడు.

"ఈ చప్పుడొకటి. కన్ను మూతపడనివ్వడం లేదు."

"ఏ చప్పుడు?"

"అదే, ఆ అలలు."

నేను గుమ్మం ముందు కప్పులతో బిగుసుకుపోయాను.

"పదేళ్ళుగా పడుకుంటున్న గదేగా?" అంది ఆవిడ.

మేస్త్రి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"అన్నయ్యగారూ, బయటే నిలబడితే టీ చల్లారిపోతుంది. లోపలికి రండి. ఆ కప్పులు అక్కడ పెట్టి, ఈయన పడుకునే గదేదో చూపించండి."

ఏం చేస్తాను. ముందు నేను, నా వెనక ఆవిడ, ఆవిడ వెనక తప్పు చేసి దొరికిన బడిపిల్లాడిలా మేస్త్రి. వెనక గది తలుపు తోశాను. అత్త మంచం మీద నిద్రపోతోంది. గోడ అవతల మిషను గుర్రు పెడుతోంది, ఇవతల అత్త. తాళం తప్పకుండా ఒకరి తరవాత ఒకరు. పట్టపగలు అత్త నిద్రపోగా నేను చూడటం అదే మొదలు.

"ఈ పెద్దావిడ?"

"మా మేనత్త. అసలు ఎదురు గది ఆవిడదే" అన్నాను. ఇంకేం దాచాలో నాకు తెలియలేదు.

ఆవిడ కిటికీ తీసింది. "గోడ" అంది.

"గోడే" అన్నాడు మేస్త్రి.

"గోడ చూడ్డానికి ఇంత దూరం రావాలా? మనింట్లో నాలుగున్నాయి. పొద్దునొకటీ సాయంత్రమొకటీ చూపించేదాన్ని. ఇక..." అంటూ ఆగింది. "అదేమిటి?"

"ఏది?"

"ఆ గీత."

ఐసు ఫ్యాక్టరీ గోడ మీద, కిటికీకి ఈ కొస నుంచి ఆ కొస దాకా, బొగ్గుతో గీసిన గీత ఒకటి ఉంది. దాని మీద ఏదో బొమ్మ. కింద వంకర టింకరగా కొన్ని గీతలు. వీధి పిల్లల పనేమోనని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను, సున్నం పూయించాలనీ అనుకుంటున్నాను.

మేస్త్రి తన కాలి వేళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "సముద్రం."

"అదా?"

"కిందవి అలలు. వానకి చెరిగిపోతుంటే ఏటా మళ్ళీ దిద్దుతాను. పడుకుంటే సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటుంది."

ఆవిడ నిద్రపోతున్న అత్త దిండు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఆ ఎత్తుకి వంచి, గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. మేము ఇద్దరం తీర్పు కోసం నిలబడ్డాం.

"గీత తిన్నగా ఉంది" అంది చివరికి.

"రసమట్టం పెట్టి గీశాను."

"ఆ పైనున్న కోడి ఎందుకు?"

"కోడి కాదు. పడవ."

"కోడే."

"మనింట్లో రోజూ చూసేది అదే కదా, చెయ్యి అటే పోయింది."

ఆవిడ లేచి మోకాళ్ళు దులుపుకుంది. "నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

"నిజం చెప్తే నేను పంపనని."

"అవును."

ఆవిడ ఆలోచించింది. "నిజమే, పంపేదాన్ని కాదు" అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు. తరవాత నా వైపు తిరిగి, "టీ చల్లారిపోయి ఉంటుంది. మళ్ళీ పెట్టమని వదినగారికి చెప్పండి" అంది. మేస్త్రి గోడకి చేరగిలబడ్డాడు. వీపు మీది నీలం చెయ్యి అక్కడా ఒకటి అంటింది.

మర్నాడు పొద్దున మేస్త్రి సముద్రంలోకి దిగాడు. బెంగ తీరిన మనిషి కదా, హుషారుగా ఈదుకుంటూ నల్ల రాళ్ళ దాకా పోయాడు. నేను ఇంటి ముందు దుప్పట్లు ఆరేస్తూ చూశాను. కిటికీలో అత్త లేదు. అత్త ఇంకా లేవనేలేదు. గట్టిగా అరవబోయాను, గాలి నా మొహానికే తిరిగి కొట్టింది. దుప్పటి కింద పడేసి పరిగెత్తబోతుంటే ఎదురు గదిలోంచి పళ్ళెం మోగింది. ఒక్క దెబ్బ. మేస్త్రి ఆగాడు కానీ తిరగలేదు. అప్పుడు వరసగా మూడు దెబ్బలు. మేస్త్రి ఎంత వేగంగా వెనక్కి ఈదాడంటే, మూడు దెబ్బలకి ఒడ్డుకొచ్చిన మొదటి మగవాడు మా ఇంటి చరిత్రలో అతనే.

పొద్దెక్కాక అత్త వంటింట్లోకి వచ్చింది. జుట్టంతా రేగి ఉంది, చెంప మీద దిండు ముడతలు.

"సముద్రం?" అంది.

"ఉంది అత్తా."

"పళ్ళెం ఏదీ?"

"ఎదురు గదిలో. మా ఆవిడని దెబ్బల లెక్క అడిగి చెల్లెమ్మ తీసుకెళ్ళింది."

నేనూ వెంట వెళ్ళాను. మేస్త్రి భార్య ఎత్తు మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. పళ్ళెం పొట్ట మీద, గరిటె చేతిలో, చూపు నల్ల రాళ్ళ మీద. అత్త ఆవిణ్ణి చూసింది, సముద్రాన్ని చూసింది, వంగి మంచం కాళ్ళ కింద ఇటుకలు చూసింది.

"పడుకుని చూడొచ్చా?" అంది.

"చూడొచ్చు పెద్దమ్మగారూ. హాయిగా ఉంది."

అత్త నా వైపు తిరిగింది. "పదేళ్ళు ఆ ఎత్తు పీట మీద నడుం విరగ్గొట్టుకున్నాను. నాకెవడూ నాలుగిటుకలు పెట్టలేదు."

"నువ్వు ఎవరినీ లోపలికి రానివ్వలేదుగా అత్తా."

"రానివ్వకపోతే ఊరుకుంటావా?" అంది. ఒక్క వారం అని వచ్చిన మనిషి. ఆవిడ అతిథా, ఇంటిదా, దేవుడా అని నేను ఎప్పుడూ అనుమానపడలేదు. నా అనుమానాలన్నీ అద్దె ఇచ్చేవాళ్ళ మీదే.

ఆ వారమంతా అత్త వెనక గదిలో పొద్దెక్కేదాకా నిద్రపోయింది. "ఆ గదిలో చూడ్డానికి ఏమీ లేదురా. కళ్ళు వాటంతటవే మూతపడుతున్నాయి" అనేది, ఎవరో తనకి మందు పెట్టినట్టు. మేస్త్రి మాత్రం అలల మోతకి నిద్రలేక ఎర్రటి కళ్ళతో తిరిగాడు. అయినా మంచం దిగనన్నాడు. ఎన్నేళ్ళ బాకీ, వసూలు చెయ్యకుండా వదులుతానా అన్నాడు. వెళ్ళే ముందురోజు పొద్దున కాసిన్ని సిమెంటు, ఇసుక తెప్పించాడు.

"వదులుగా పేర్చారు బావగారూ. పెద్దావిడ ఎక్కితే కూలుతుంది" అని, మోకాళ్ళ మీద కూర్చుని, ఇటుకలన్నీ తీసి, రసమట్టం పెట్టి, మంచం కాళ్ళకి నాలుగు దిమ్మెలు కట్టాడు. ఎక్కడానికి రెండు మెట్లు కూడా కట్టాడు. అత్త పక్కనే నిలబడి, ఇక్కడ పగులుంది, అక్కడ వంకరుందని పని చెప్పింది. అతిథి దేవుడంటారు. ఆ దేవుడు మా నేల మీద కూర్చుని, అత్త చేత చీవాట్లు తింటూ సిమెంటు పూస్తున్నాడు. నా అనుమానాన్ని ఆ పూటకి పక్కన పెట్టాను.

వెళ్ళే రోజు రిక్షా వచ్చింది. గుడ్ల బుట్ట ఖాళీ అయింది కదా, మా ఆవిడ అందులో ఎండు చేపలు నింపింది. నేనూ మా ఆవిడా గేటు దాకా వచ్చాం. మేస్త్రి ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు.

"బావగారూ" అన్నాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఏమైనా మర్చిపోయావా?" అంది ఆవిడ రిక్షాలోంచి.

"లేదు. ఏటా ఇక్కడ ఒక మాట అనేవాణ్ణి. ఈసారి అనడానికేం లేదు." గేటు మీద చెయ్యి వేసి, అది వదులుగా ఉందేమో చూస్తున్నట్టు రెండుసార్లు ఊపాడు. "వచ్చే ఏడు మాత్రం నాకు ఆ వెనక గదే ఉంచండి. మిషను లేకపోతే నిద్ర రావడం లేదు. ఎదురు గది దీనికివ్వండి."

ఎదురు గది కిటికీలోంచి అత్త గొంతు వినిపించింది. "ఇచ్చుకోండి. వచ్చే నెల నేనెలాగూ వెళ్ళిపోతున్నాను." వెంటనే పళ్ళెం మీద రెండు దెబ్బలు వేసింది. ఎవరికో టీ తయారైందన్నమాట.

మేస్త్రి రిక్షా ఎక్కి కూర్చున్నాడు. చక్రం కదిలాక వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

"బాకీ తీరిపోయింది బావగారూ."

"వచ్చేసారి తప్పకుండా" అనేశాను, అలవాటు కొద్దీ.